పరామర్శకొచ్చినవాళ్ళంతా "దేవుని ఉద్దేశం" అంటున్నారు. బాధలో ఉన్నవాడికి ఆ మాట ఎలా చెప్పాలి?

రాజోలు ఆడపడుచు

అందరికీ వందనాలు. ఇక్కడి చర్చలు చాలాకాలంగా చదువుతున్నాను గాని రాయడం ఇదే మొదలు.

మా ఆయన చాలా ఏళ్ళు కువైట్‌లో డ్రైవరు పని చేశారు. బీపీ ఉన్న సంగతి ఆయనకే తెలీదు. ఒళ్ళు నొప్పులొస్తే మాత్ర వేసుకోవడం, మళ్ళీ బండెక్కడం. తిరిగొచ్చేసరికి రెండు కిడ్నీలూ పోయాయి. ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్. తెల్లారకుండా లేచి లంకలోంచి రోడ్డు మీదకొచ్చి, ఆటో పట్టుకుని, బస్సెక్కి వెళ్తాం. నాలుగు గంటలు మిషను మీద. ఇంటికొచ్చేసరికి మనిషి వడిలిపోయి ఉంటారు.

తాగే నీళ్ళు కూడా కొలతే. పొద్దున్నే కొలిచి ఒక సీసాలో పోసి పెడతాను. మాత్రలకీ, టీకీ, మజ్జిగకీ అన్నిటికీ ఆ లెక్కలోనే సర్దుకోవాలి. మధ్యాహ్నానికి సీసా సగానికి దిగిందంటే దాని వంక ఒకసారి చూసి మొహం తిప్పుకుంటారు. మా పెరటి నిండా కొబ్బరిచెట్లే. దింపు రోజున అందరూ బొండాలు కొట్టుకుని తాగుతుంటే ఈయన లేచి లోపలికెళ్ళిపోతారు. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, గుండె మీదకొస్తుంది, చుక్క కూడా ముట్టొద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు.

ఇదంతా పడుతున్నాం. పడలేనిది పరామర్శలు. ఒకావిడ "ప్రభువు ప్రేమించినవాళ్ళనే శిక్షిస్తాడమ్మా" అంది. ఇంకొకాయన "ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో చూసుకోండి" అన్నారు, మంచం మీద మనిషి వింటుండగానే. కువైట్ డబ్బులో దశమభాగం, అంటే మందిరానికిచ్చే పదోవంతు, సరిగ్గా ఇచ్చారా అని అడిగినవాళ్ళున్నారు. ఇది గొప్ప సాక్ష్యం కోసమే, దేవునికి ఒక ఉద్దేశం ఉంది అని చెప్పి టీ తాగి వెళ్ళినవాళ్ళు లెక్కలేదు. వాళ్ళు వెళ్ళాక మా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. రాత్రి అడిగారు, "ఆ ఉద్దేశం ఏదో నాకు చెప్పొచ్చు కదా దేవుడు, ఊళ్ళో అందరికీ చెప్పాడు గాని" అని.

నేను విశ్వాసం వదిలేసేదాన్ని కాదు. కానీ ఆయనకేం చెప్పాలో తెలీడం లేదు. కష్టంలో నిజంగా ఉద్దేశం కనిపించినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఎలా కనిపించిందో చెప్పండి. పాఠాలు వద్దు. చాలా విన్నాను.

యౌవనస్థుడు, ముమ్మిడివరం

అక్కా, మా ఇంట్లో సాయంత్రం ప్రార్థనలో బావగారి కోసం ప్రార్థిస్తున్నాం. ఇంతకుమించి చెప్పే వయసు నాది కాదు.

చెరువుగట్టు, భీమవరం దగ్గర

చెల్లెమ్మా, పాఠం చెప్పను. నాకు జరిగింది చెబుతాను.

మాది వనామీ రొయ్యల సాగు. అప్పు చేసి లీజుకి తీసుకున్న చెరువులు. రొయ్య బాగా ఎదుగుతోంది, ఇంక పట్టుబడికి చూసుకోవడమే అనుకుంటుండగా ఒకరోజు తెల్లారగట్ల రొయ్య గట్టుకొచ్చేసింది. టార్చి వేసి చూస్తే నీళ్ళ అంచున నీరసంగా కదులుతున్నాయి. ఒకటి పట్టుకుని తల మీద డొప్ప ఒలిచి వెలుతురుకి పెడితే తెల్లటి చుక్కలు. వైట్ స్పాట్ అనే వైరస్ తెగులు. దానికి మందు లేదు. మిగిలింది మిగిలినట్టు పట్టేసి అయినకాడికి అమ్ముకోవాలి. ఒక్క పంటతో ఇల్లు తాకట్టులోకి వెళ్ళింది.

అప్పటికి నేను బాగా తాగేవాణ్ణి. డబ్బున్నవాడి తాగుడు కాబట్టి ఎవరూ ఏమీ అనేవారు కాదు. చెరువు పోయాక స్నేహితులు పోయారు. ఇంటిదాని వెనకాల మందిరానికి వెళ్ళి వెనక చాప మీద కూర్చోవడం మొదలుపెట్టాను. అక్కడే తాగుడు మానాను, అక్కడే నా పిల్లలు నాతో మాట్లాడ్డం మొదలుపెట్టారు. రోమా పత్రిక 8వ అధ్యాయం 28వ వచనం, దేవుణ్ణి ప్రేమించేవారికి మేలు కలిగేలా అన్నీ కలిసి జరుగుతాయన్న మాట, నా మట్టుకు నాకు అక్షరాలా నిజం. ఉద్దేశం లేదంటే నేనొప్పుకోను. నా చెరువు పోకపోతే నేను పోయేవాణ్ణి.

రిటైర్డ్ నర్సు

అమ్మాయ్, ముందు ఒక్క మాట. ఎవరు ఏ తైలం తెచ్చినా, ఎవరు "విశ్వాసముంటే మిషను ఎందుకు" అన్నా, డయాలసిస్ ఒక్క పూట కూడా మానొద్దు. మానేసినవాళ్ళని నా చేతుల మీదుగా చూశాను. ఊపిరితిత్తుల్లో నీరు చేరి, పడుకోలేక కూర్చోలేక, ఆ అవస్థ పగవాడికి కూడా వద్దు. ప్రార్థన చేయించుకోండి, మిషనూ ఎక్కించండి. ఈ రెండింటికీ పోట్లాట లేదు.

పాపం వల్లే రోగం అనేవాళ్ళకి బైబిలే జవాబు చెబుతోంది. అపొస్తలుడు పౌలంతటివాడు తన తోటి సేవకుడు త్రోఫిమును మిలేతు ఊళ్ళో రోగిగా వదిలి వెళ్ళాల్సి వచ్చింది. ఆయన శిష్యుడు తిమోతికి తరచూ వచ్చే జబ్బులు ఉన్నాయి. ఇంకో తోటి పనివాడు ఎపఫ్రొదితు చావు దాకా వెళ్ళొచ్చాడు, అది కూడా సేవలో ఉండగానే. పౌలు వీళ్ళలో ఒక్కరినీ "నీ విశ్వాసం చాల్లేదు" అనలేదు. తన శరీరంలో ముల్లు తీసెయ్యమని ఆయనే మూడుసార్లు వేడుకున్నాడు. తీయలేదు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. పౌలు దశమభాగం ఎగ్గొట్టాడని ఎవరైనా అంటారా?

నేను మిషను ఆసుపత్రుల్లో కుష్ఠు రోగులకి కట్లు కట్టినదాన్ని. మన వైపు రామచంద్రపురంలో కెనడా బాప్టిస్టు మిషనువాళ్ళు ఆ రోగుల కోసమే ఆసుపత్రి నడిపారని పెద్దవాళ్ళకి తెలుసు. ఆ రోగం వేళ్ళని తినేస్తుందని జనం అనుకునేవారు. వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ గారు చూపించింది వేరు. నరాలు చచ్చి స్పర్శ పోతుంది. నొప్పి తెలీదు కాబట్టి కాలినా కోసుకున్నా చెయ్యి తీసెయ్యరు. అలా పుండ్లు పడి వేళ్ళు పోతాయి. ఒక పెద్దాయన పొయ్యి మీది గిన్నె చేత్తో దించి, కబుర్లు చెబుతూ నా దగ్గరికి నడిచొచ్చాడు. అరచెయ్యి చర్మం ఊడి వేలాడుతోంది. ఆయనకి తెలీదు. నేను కెవ్వుమన్నాక చూసుకున్నాడు. నొప్పి ఎందుకుందో నాకు ఆ రోజు అర్థమైంది.

అయితే ఇది ఒంటి నొప్పికి సరిపోయే మాట. మీ ఆయన కిడ్నీలు ఎందుకు పోయాయన్నదానికి దీంతో జవాబు చెప్పను.

అమలాపురం బీటెక్

మీ అందరి మీదా గౌరవంతోనే అడుగుతున్నాను. మా ఇంట్లోవాళ్ళంతా విశ్వాసులే. నేను వెళ్ళడం మానేశాను, కారణం ఇదే విషయం.

చెరువుగట్టు గారూ, మీ చెరువు పోయింది, మీకు తాగుడు పోయింది. సంతోషం. ఆ చెరువు మీద కాపలా ఉండి మేత వేసిన కుర్రాళ్ళకి ఆ సీజన్ జీతం వచ్చిందా? వాళ్ళ పిల్లల ఫీజులేమయ్యాయి? వాళ్ళ కష్టానికి ఉద్దేశం మీరు బాగుపడటమేనా? దేవుడు ఒకణ్ణి మార్చడానికి పదిమందిని ఆకలికి పెడతాడంటే నాకు మింగుడుపడదు.

యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాడి గురించి కూడా అంతే. వీడు పాపం చెయ్యలేదు, వీడి తల్లిదండ్రులూ చెయ్యలేదు, దేవుని క్రియలు వీడియందు కనబడ్డానికే అంటాడు యేసు. సరే. మరి ఆ క్రియ కనబడేదాకా చీకట్లో గడిచిన అన్నేళ్ళ సంగతేమిటి?

చెరువుగట్టు, భీమవరం దగ్గర

బాబూ, వాళ్ళకి జీతాలు ఆలస్యంగానైనా ఇచ్చాను, కానీ ఆ సీజన్‌లో వాళ్ళు పస్తులున్న మాట నిజం. వాళ్ళ కష్టానికి ఉద్దేశం ఇదీ అని నేను చెప్పను, చెప్పే అర్హత నాకు లేదు. నాకు జరిగింది నాకు తెలుసు. అంతవరకే నా సాక్ష్యం.

దింపు వారి అబ్బాయి

ఈ మాట మీద నాకు పాత గాయముంది. కాస్త పొడుగ్గా రాస్తాను, ఏమీ అనుకోవద్దు.

1996 నవంబర్ 6. దీపావళికి నాలుగు రోజుల ముందు. మా నాన్న కొబ్బరి దింపు చేసేవాడు, అమ్మ కాయల పీచు వలుపుకి వెళ్ళేది. ఆ రాత్రి గాలికి కొబ్బరిచెట్లు మెలితిరిగి మొదలంటా విరుగుతుంటే తుపాకులు పేలినట్టే వినిపించింది. తెల్లారి చూస్తే తోట లేదు. ఇంటి పైకప్పు లేదు. మందిరం రేకులు పక్క చేలో ఉన్నాయి. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు కబుర్లు రెండు రోజుల తరవాత తెలిశాయి. సముద్రం మీదకెళ్ళినవాళ్ళు, తీరంలో గుడిసెల్లో ఉన్నవాళ్ళు, ఎంతమందో. మొత్తం మీద వెయ్యి మందికి పైగా పోయారని తరవాత లెక్కల్లో చదివాను. మావాళ్ళ లెక్క వేరు. ఫలానా వాళ్ళింట్లో తండ్రీ కొడుకులు, ఫలానా వాళ్ళింట్లో ముగ్గురన్నదమ్ములు, అలా చెప్పుకునేవాళ్ళం.

చెట్లు పడిపోతే దింపువాడికి పనేముంటుంది? కొత్త మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు. మా నాన్న చెట్టెక్కే మోకు బందు తీసి అటక మీద పెట్టేసి మట్టిపనికి పోయాడు.

రెండో ఆదివారమో మూడో ఆదివారమో, రేకుల్లేని మందిరంలో కూర్చున్నాం. బయటనుంచి వచ్చిన బోధకుడొకాయన ఇది దేవుని ఉగ్రత, ఈ తీరం పాపం పండింది అని గట్టిగా బోధించాడు. నాకు చిన్నతనం, వణికిపోయాను. అప్పుడు మా సంఘంలో పెద్ద, చదువు అంతంతమాత్రమే, లేచి నిలబడి లూకా సువార్త 13వ అధ్యాయం చదవమన్నాడు. సిలోయము గోపురం కూలి 18 మంది చచ్చిపోయారు, వాళ్ళు యెరూషలేములో ఉన్న మిగతావాళ్ళందరికంటే పాపులని అనుకుంటున్నారా, కాదు అని యేసు అన్న మాట. చదివించి, "అయ్యగారూ, ఆ రాత్రి పడవ మీదున్నోడు మనకంటే పాపాత్ముడాండీ? పిల్లలకి రెండు మెతుకులు పెడదామని వేటకెళ్ళాడండి" అని కూర్చున్నాడు. బోధకుడు మారుమాట్లాడలేదు.

ఆ వారం నుంచి మా పెద్దలు ప్రసంగాలు తగ్గించి పని పంచుకున్నారు. శవాలు తీయడానికి కొందరు, వండటానికి కొందరు. మందిరం కంటే ముందు విధవరాళ్ళ ఇళ్ళకి తాటాకు కప్పించాలని తీర్మానం చేశారు. మందిరం చాలాకాలం అలాగే ఉంది. వానొస్తే గొడుగులేసుకుని ఆరాధన చేశాం. నా విశ్వాసం నిలబడింది ఆ గొడుగుల కిందే.

తుఫాను ఉద్దేశం ఏమిటో నాకు ఇప్పటికీ తెలీదు, తెలుసుకోవాలని కూడా లేదు. హెచ్చరిక వేళకి అందకపోవడం, తీరంలో గట్టి కట్టడం లేకపోవడం, సరుగుడు తోటలూ మడ అడవులూ నరికేయడం, వీటన్నిటినీ "దేవుని చిత్తం" కింద కప్పెడితే మళ్ళీ అవే చావులు. ఆ తరవాత తుఫాను షెల్టర్లు కట్టాక, వేళకి ఖాళీ చేయించడం మొదలయ్యాక ఎన్ని ప్రాణాలు నిలిచాయో తీరంలో ఎవర్నడిగినా చెబుతారు. అక్కా, బావగారికి ఈ మాట చెప్పండి. బీపీ చూసేవాడు లేక, విశ్రాంతి ఇచ్చే యజమాని లేక కిడ్నీలు పోతే ఆ బరువు దేవుని మీద వెయ్యక్కర్లేదు, ఆయన మీదా వెయ్యక్కర్లేదు.

గోదారిగట్టు

నేను హిందువుని, ఈ చర్చలో అతిథిని. దింపు వారి అబ్బాయి గారు రాసింది చదివి ఒకటి గుర్తొచ్చింది.

మన డెల్టా ఒకప్పుడు ఇలా పచ్చగా లేదు. 1830లలో వరసగా కరువులు, మధ్యలో 1839 ఉప్పెన. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7 లక్షలు దాటి ఉంటే 1841 నాటికి 5.6 లక్షలకు పడిపోయింది. పక్కన ఇంత గోదావరి పారుతుండగా జనం తిండిలేక పోయారు. కాటన్ దొర దైవభక్తి గల క్రైస్తవుడన్నది తెలిసిందే. ఆయన ఈ కరువు ఎవరి పాపమని లెక్క కట్టలేదు. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాడు. ఇవాళ ఊరూరా ఆయన విగ్రహానికి మే 15న దండలు వేసేది మావాళ్ళూ, మీవాళ్ళూ కలిసే.

నా ప్రశ్న ఒకటి. మా ఇంట్లో కష్టమొస్తే ప్రారబ్ధం అనుకుంటాం, అనుభవిస్తే తీరుతుంది అనుకుంటాం. అందులో ఒక నెమ్మది ఉంది. మీరు చెప్పే "ఉద్దేశం" దానికి ఎక్కడ వేరు?

పేటబిడ్డ

గోదారిగట్టు గారూ, మర్యాదగా అడిగారు, మర్యాదగానే చెబుతాను. ఆ నెమ్మది అందరికీ ఒకేలా దొరకలేదండి.

మా నాన్నమ్మ కాలంలో కాలవ రేవులో మా దళితపేటవాళ్ళు దిగే చోటు వేరు, కింది వైపు. ఎందుకలా అంటే మీ రాత అనేవారు. ఆవిడ బాప్తిస్మం తీసుకున్నది ఆ మాట వినలేకే. నిర్గమకాండం 3వ అధ్యాయంలో దేవుడు మోషేతో అన్న మాట, ఐగుప్తులో ఉన్న నా ప్రజల బాధ చూశాను, వాళ్ళ మొర విన్నాను, వాళ్ళని విడిపించడానికి దిగివచ్చాను అన్నది, ఆవిడకి కంఠతా వచ్చు. అక్షరం రాదు, వచనం వచ్చు. అక్కడ దేవుడు ఇటుకలు మోయడంలో ఒక ఉద్దేశముంది, ఓర్చుకోండి అనలేదు. బయటికి తీసుకొచ్చాడు. బాధలో దేవుని ఉద్దేశం అంటే నాకు మొదట గుర్తొచ్చేది అదే, విడుదల.

మందిరంలో కూడా ఈ మాట దారి తప్పుతుంది. తాగొచ్చి కొట్టే మొగుణ్ణి భరించమని సిలువ చూపించే పెద్దలున్నారు. కూలి ఎగ్గొట్టినవాణ్ణి క్షమించమంటారు, అడగమని మాత్రం అనరు. యేసు సిలువ తానై ఎత్తుకున్నాడు. ఇంకొకరి వీపు మీద పెట్టలేదు. నా సిలువ ఏదో నేను తేల్చుకుంటాను, నాకు కొట్టిన దెబ్బకి సిలువని పేరు పెట్టే హక్కు కొట్టినవాడికి లేదు.

ఇంకొకటి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులమని రాయించుకుంటే మాకు ఎస్సీ హోదా ఉండదు. తరవాత 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని చేర్చారు, మమ్మల్ని చేర్చలేదు. విశ్వాసం పేరు ఎత్తితే సర్టిఫికెట్ పోతుందని తెలిసీ ఆదివారం మందిరానికి వచ్చే పిల్లలు ప్రతి పేటలోనూ ఉన్నారు. వాళ్ళ ముందు నిలబడి కష్టం గురించి తేలిక మాటలు చెప్పకండి అని బోధకులందరినీ వేడుకుంటున్నాను.

సంఘసేవకుడు, పాలకొల్లు వైపు

అందరివీ చదివాను. రాజోలు సోదరీ, మీ భర్తగారు అడిగిన మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ మాట భక్తి తక్కువై అన్నది కాదు. బైబిల్లో పిల్లల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు అడిగింది అదే, ఇంకా గట్టిగా అడిగాడు. తాను పుట్టిన రోజుని శపించాడు.

యోబు గ్రంథంలో ఒక సంగతి చాలామంది గమనించరు. ముగ్గురు స్నేహితులు వచ్చి ఏడు పగళ్ళు ఏడు రాత్రులు అతనితోబాటు నేలమీద కూర్చున్నారు, ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ వారం రోజులు వాళ్ళు మంచి స్నేహితులు. నోరు తెరిచాక చెడింది. నీ కష్టానికి కారణం ఇదీ అని వరసగా చెప్పారు, చెప్పినవి వింటే ఇవాళ్టి ప్రసంగాల్లాగే భక్తిగా ఉంటాయి. చివరికి దేవునికి కోపం వచ్చింది వాళ్ళ మీద. నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నన్ను గూర్చి యుక్తంగా పలకలేదు అన్నాడు. దేవుణ్ణి నిలదీసినవాడి మాట యుక్తం, దేవుణ్ణి వెనకేసుకొచ్చినవాళ్ళ మాట తప్పు. మరో విశేషం, యోబుకి కారణం చివరిదాకా చెప్పలేదు. మొదటి అధ్యాయంలో పరలోకంలో జరిగింది మనకి తెలుసు, అతనికి తెలీదు. అతనికి దొరికింది దేవుడే. "నా కన్నులారా నిన్ను చూశాను" అన్నాడు గాని అర్థమైంది అనలేదు.

ప్రేమించినవాణ్ణి శిక్షిస్తాడన్న మాట హెబ్రీ పత్రికలోది. ఆ పత్రిక ఎవరికి రాశారో కూడా చూడాలి. విశ్వాసం కోసం ఆస్తులు దోపిడీకి పోయినవాళ్ళు, సంకెళ్ళలో ఉన్నవాళ్ళ పక్కన నిలబడ్డవాళ్ళు. అలాంటి వాళ్ళు నీరసపడి వెనక్కిపోకుండా రాసిన మాటది. తనకు తాను ప్రార్థనలో వినాల్సిన మాట. పక్కింటివాడి మంచం దగ్గర చదివే తీర్పు కాదు.

గోదారిగట్టు గారికి నాకు తెలిసినంతలో జవాబు. మేం చెప్పేది జరిగిందానికి లెక్క సరిపోయిందని కాదండి. సిలువ మీద యేసు "నా దేవా నా దేవా, నీవు నన్నేల విడనాడితివి" అని 22వ కీర్తనలోని మాటతో అరిచాడు. దేవుని కుమారుడికే ఆ "ఏల"కి ఆ మధ్యాహ్నం జవాబు రాలేదు. మూడోరోజున పునరుత్థానం వచ్చింది, వివరణ రాలేదు. మా నమ్మకమంతా అక్కడుంది. బాధని దేవుడు దూరం నుంచి పంపి ఊరుకోలేదు, తానే అందులోకి దిగాడు, అందులోంచి లేచాడు. లేచిన ఒంటి మీద మేకుల గాయాలు అలాగే ఉన్నాయి, శిష్యుడు తోమాకి చూపించాడు.

ఇక మీరడిగింది, ఉద్దేశం ఎలా కనిపిస్తుంది అని. రెండో కొరింథీ పత్రిక మొదటి అధ్యాయంలో పౌలు ఒక దారి చూపించాడు. దేవుడు మా శ్రమల్లో మమ్మల్ని ఆదరిస్తాడు, ఆ ఆదరణతోనే మేం శ్రమలో ఉన్న ఇంకొకరిని ఆదరించడానికి శక్తి వస్తుంది అంటాడు. కిందటి కారణం గురించి అక్కడ ఒక్క మాట లేదు. ముందున్న మనిషి గురించే ఉంది. నా సేవలో నేను చూసినవాళ్ళలో ఉద్దేశం దొరికినవాళ్ళందరికీ ఇలాగే దొరికింది, చెయ్యి అవతలివాడి భుజం మీద పడ్డాకే. ముందే ఎవరో చెబితే దొరికినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు.

1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు సేవకులు భార్యలతో ఇంగ్లండు నుంచి బయల్దేరి వచ్చారు. ఏ సంస్థా జీతం ఇస్తానని మాటివ్వలేదు. తరవాత నర్సాపురం, పాలకొల్లు వాళ్ళ సేవాక్షేత్రాలయ్యాయి. ఈ ప్రాంతంలో మా సంఘాలకి మూలం వాళ్ళే. అప్పటి కరువు రోజుల్లో, కలరా రోజుల్లో ఇక్కడే ఉండిపోవడం వాళ్ళు చేసిన మొదటి బోధ అని నేననుకుంటాను.

బాధలో ఉన్నప్పుడు చదవడానికి బైబిల్లో 88వ కీర్తన ఉంది. మొదలు నుంచి చివరిదాకా మొరే, చివరి మాట కూడా చీకటే. దాన్ని తీసెయ్యకుండా ఉంచారంటే, అలా ప్రార్థించి లేచిపోవచ్చన్నమాట. సంతోషంగా ముగించాలని నియమం లేదు. మీ భర్తగారికి అది చదివి వినిపించండి. వివరించొద్దు.

అమలాపురం బీటెక్

అయ్యగారూ, మీ మాటలకి థాంక్స్. ఇలా చెప్పేవాళ్ళు మా ఊళ్ళో ఉండుంటే నేను ఇంకొన్నాళ్ళు వచ్చేవాణ్ణేమో. కానీ పసిపిల్లలకి క్యాన్సర్ వస్తుంది. వాళ్ళు ఎవరినీ ఆదరించేదాకా బతకరు. అక్కడ మీ కొరింథీ మాట నిలబడదు.

సంఘసేవకుడు, పాలకొల్లు వైపు

నిలబడదు బాబూ. అలాంటి సమాధి దగ్గర నేను నోరు తెరవను. చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర, ఇంకాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా, యేసు ఏడ్చాడు. నాకు అక్కడ తెలిసింది అంతే. నువ్వు మందిరానికి రాకపోయినా ఫరవాలేదు, ఎప్పుడైనా ఇంటికి రా, భోంచేసి మాట్లాడుకుందాం.

కువైట్ నుంచి ఒక చెల్లెలు

వదినా, మాది మలికిపురం వైపు. ఇక్కడ ఇంటిపనికి వచ్చాను. శుక్రవారం సెలవు దొరికితే మన తెలుగువాళ్ళ ప్రార్థనకి వెళ్తాను, దొరక్కపోతే వంటింట్లోనే ఫోనులో చిన్నగా వింటాను.

నాకు పెద్ద జ్ఞానం లేదు. సిలువ మోసిన కురేనీయుడైన సీమోను నాకు బాగా దగ్గర. ఆయన పొలం నుంచి తన దారిన తాను వస్తున్నాడు. ఎవడో పట్టుకుని బలవంతంగా వీపు మీద పెట్టించారు. ఆయన కోరుకోలేదు, ఎందుకో ఎవరూ చెప్పలేదు. కానీ తలెత్తి చూస్తే ముందు నడుస్తున్నది యేసు. అన్నయ్యకి ఈ మాట చెప్పండి. మన కువైట్ కష్టం తెలిసినామె చెప్పిందని చెప్పండి.

రాజోలు ఆడపడుచు

ఇంతమంది రాస్తారనుకోలేదు. రెండు రోజులు కూర్చుని ఆయనకి అన్నీ చదివి వినిపించాను. బీటెక్ తమ్ముడి మాటలు కూడా. "ఈ కుర్రాడు నిజం మాట్లాడుతున్నాడు" అన్నారు. దింపు వారి అబ్బాయి గారి గొడుగుల సంగతి మళ్ళీ ఒకసారి చదవమన్నారు. పేటబిడ్డ గారిది విని చాలాసేపు మాట్లాడలేదు. కువైట్‌లో ఆయన పాస్‌పోర్టు ఎవరి దగ్గరుండేదో అప్పుడు చెప్పారు, నాకు ఇన్నాళ్ళూ తెలీదు.

88వ కీర్తన రాత్రి దీపం దగ్గర చదివాను, వివరించలేదు. అయిపోయాక "ఆమేన్" అన్నారు. జబ్బు పడ్డాక ఆయన నోట ఆ మాట రావడం అదే మొదటిసారి.

అయ్యగారి కొరింథీ మాట గురించి నాకు ఇంకా అనుమానంగానే ఉంది. మా మీద మాకే ఓపిక లేదు, ఇంకొకర్ని ఆదరించేదెక్కడ? చెరువుగట్టు అన్నయ్యకి దొరికినట్టు మాకు దొరకలేదు. దొరికిందని అబద్ధం చెప్పలేను. ఇకమీదట పరామర్శకొచ్చినవాళ్ళని మాత్రం ఒకటే అడుగుతాను, కారణం చెప్పకుండా కాసేపు కూర్చోండి అని.

అంతర్వేది పాలెం

అమ్మా, ఇందాకట్నుంచీ చదువుతున్నాను, రాయాలా వద్దా అనుకుంటూ. మా తమ్ముడికి కిందటి వారమే డయాలసిస్ మొదలైంది. వాళ్ళావిడకి ఏం వండాలో తెలీక అన్నం పచ్చడి పెడుతోంది. ఆసుపత్రిలో కాగితం ఇచ్చారు గాని అందులో మన కూరలు లేవు. మీరు ఎలా వండుతున్నారో చెబుతారా?

రాజోలు ఆడపడుచు

పచ్చడి ఆపించండి బాబాయ్, ముందు అది. ఉప్పు ఎక్కువైతే దాహం ఎక్కువవుతుంది, దాహానికి నీళ్ళు తాగితే ఒళ్ళు ఉబ్బుతుంది.

కూరగాయ తొక్క తీసి సన్నగా తరిగి గోరువెచ్చని నీళ్ళలో రెండు గంటలు నానబెట్టాలి. ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ ఎక్కువ నీళ్ళు పోసి ఉడికించి, అవీ వార్చేసి అప్పుడు తాలింపు వేసుకోవాలి. బీర, సొర, దొండ నేను ఇలాగే చేస్తున్నాను. అరటిపండు, కొబ్బరినీళ్ళు వద్దు. టమాటా బాగా తగ్గించాలి. ఏది ఎంత తినొచ్చో వాళ్ళ రక్తపరీక్ష చూసి డాక్టరుగారే చెప్పాలి, నా మాట మీద పెట్టెయ్యొద్దు. దాహం తట్టుకోలేకపోతే చిన్న ఐసు ముక్క నోట్లో పెట్టుకోమనండి, అది కూడా నీళ్ళ లెక్కలోకే వస్తుంది.

ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదుల కోసం చేతిలో రక్తనాళాలు కలిపే ఆపరేషన్, చేసిన చేత్తో బరువులు ఎత్తనివ్వొద్దు. ఆ చేతికి బీపీ చూడనివ్వొద్దు, సూదులు పొడవనివ్వొద్దు. రోజూ పొద్దున్నే దాని మీద వేళ్ళు పెట్టి చూడాలి, జుమ్మని కొట్టుకోవాలి. ఆగినట్టనిపిస్తే వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. ఇది మాకు మొదట్లో ఎవరూ చెప్పలేదు.

మీ తమ్ముడిది ఏ రోజులు? మాది సోమ, బుధ, శుక్ర, పొద్దున్న బ్యాచి. అమలాపురం వైపే అయితే మా ఆయన మాట్లాడతానంటున్నారు. "మొదటి నెలే కష్టం, ఆ అబ్బాయి భయపడతాడు, నేను పక్క మంచం అడుగుతాను" అంటున్నారు. మీ నంబరు ఇక్కడ పెట్టకండి, నిర్వాహకులకి పంపండి, నేను అక్కడ తీసుకుంటాను.